చీఫ్ గారి టూర్బిలాన్: మే 31 నుంచి జూలై 13 వరకు

మే 31, శనివారం

కింది వాటాలో ఉండే చీఫ్ గారు సాయంత్రం మెట్లెక్కి వచ్చి, చేతిరుమాలులో చుట్టిన వాచీ ఒకటి బల్ల మీద పెట్టారు. ముప్పై ఏళ్లు సరుకు ఓడల్లో ఇంజినీరుగా చేసి, చీఫ్ ఇంజినీరుగా దిగిన మనిషి. అందుకే చినవాల్తేరులో మా వీధి వీధంతా ఆయనను చీఫ్ గారనే పిలుస్తుంది. ఆ వాచీని చివరి ప్రయాణంలో హాంకాంగ్‌లో కొన్నారట. "పూర్తిగా కీ ఇస్తే ఓ పూట నడుస్తుందమ్మా, తరువాత నిద్రపోతుంది. ఊళ్లో మూడు దుకాణాలు తిరిగాను. మూత తీసి చూసి, నమస్కారం పెట్టి ఇచ్చేశారు" అన్నారు.

వాళ్లు ఎందుకు దండం పెట్టారో డయల్ చూడగానే తెలిసింది. ఆరు అంకె ఉండవలసిన చోట గుండ్రని కిటికీ, అందులో ఉక్కు పంజరం, పంజరంలో అటూ ఇటూ ఊగుతూ వాచీకి లయ ఇచ్చే బ్యాలెన్స్ చక్రం. టూర్బిలాన్, అంటే ఆ చక్రాన్ని పంజరంతో సహా గుండ్రంగా తిప్పే ఏర్పాటు. చైనా తయారీ. స్విట్జర్లాండ్‌లో చేసినవైతే లక్షల్లో మొదలై కోట్లలోకి వెళతాయి, అలాంటివి నా బల్ల మీదికి రావు. ఇది వచ్చింది.

నా సంగతి రెండు ముక్కల్లో: జూనియర్ కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో ఉద్యోగం, ఆరేళ్లుగా సెలవు రోజుల్లో వాచీలు విప్పి బిగించే పిచ్చి. ఇంతవరకు విప్పినవన్నీ మామూలు చేతి కీ వాచీలు. "పాడైతే?" అని అడిగాను. "ఇప్పుడు మాత్రం బాగుందా?" అన్నారు. ఒప్పుకున్నాను.

జూన్ 1, ఆదివారం

ఈ రోజు విప్పలేదు, చూడడం మాత్రమే. కీ వేసే కడ్డీకి సన్నటి తుప్పు పట్టింది. చీఫ్ గారు రోజూ ఉదయం దీనిని పెట్టుకునే ఆర్కే బీచ్‌కు నడకకు వెళతారు. మన ఊరి ఉప్పుగాలికి వాచీలో దూరడానికి కీ కన్నం చాలు.

టైమ్‌గ్రాఫర్ మీద పెట్టాను. ఇది వాచీ చప్పుడును మైకుతో విని, రోజుకు ఎన్ని సెకన్లు ముందుకో వెనక్కో పోతుందో, బ్యాలెన్స్ చక్రం ఎంత ఊపుతో ఊగుతుందో చెప్పే పెట్టె. పూర్తిగా కీ ఇచ్చిన తరువాత డయల్ పైకి ఉంచితే ఊపు 240 డిగ్రీలు. వాచీని నిలబెడితే 215. ఆరోగ్యంగా ఉన్న వాచీ పడుకోబెట్టినప్పుడు 270 దాటాలి. ఆరు గంటలకే 180కి పడిపోయింది. నూనె ఎండిపోయిందని అర్థం. బ్యాలెన్స్ చక్రాన్ని వెనక్కి లాగే సన్నటి హెయిర్ స్ప్రింగుకు అయస్కాంతం పట్టలేదు, ఫోనులోని దిక్సూచి దగ్గర పెట్టి చూశాను. ఈ అంకెలన్నీ నోటు పుస్తకంలో రాసిపెట్టుకున్నాను. ఆ 215 తరువాత నాకు వారం రోజుల నిద్ర లేకుండా చేస్తుందని అప్పుడు తెలియదు.

పంజరాన్ని చాలాసేపు లూప్‌లోంచి, అంటే కంటికి తగిలించుకునే భూతద్దంలోంచి, చూస్తూ కూర్చున్నాను. సెకన్ల ముల్లు పంజరానికే బిగించి ఉంది, అంటే పంజరం నిమిషానికి ఒక చుట్టు. ఈ వాచీ గంటకు 21,600 సార్లు కొట్టుకుంటుంది, అంటే నిమిషానికి 360. నిమిషానికి 360 టిక్కులు, నిమిషానికి 360 డిగ్రీలు. టిక్కుకు ఒక డిగ్రీ! ఎవరో పంచాంగం చూసి కుదిర్చినట్టుంది. మామూలు వాచీలో సెకన్ల చక్రం తిరుగుతూ, టిక్కు టిక్కుకూ ఆగి కదిలే ఎస్కేప్ చక్రాన్ని తిప్పుతుంది. ఇక్కడ ఆ సెకన్ల చక్రాన్ని కదలకుండా స్క్రూలతో బిగించేశారు. పంజరం దాని చుట్టూ తిరుగుతుంటే ఎస్కేప్ చక్రం ఇరుసుకున్న పళ్లు దాని మీద దొర్లుతూ పోతాయి. గుడి చుట్టూ పొర్లుదండాలు పెట్టినట్టు.

జూన్ 4, బుధవారం

పని ఏమీ జరగలేదు. చీఫ్ గారితో కాఫీ. అసలు ఈ పంజరం దేనికని అడిగారు.

చెప్పాను. పారిస్‌లో బ్రెగే అనే గడియారాల పనివాడు 1801 జూన్ 26న దీనికి పేటెంటు తీసుకున్నాడు. టూర్బిలాన్ అంటే ఫ్రెంచిలో సుడిగాలి. అప్పటి వాచీలు కోటు జేబులో రోజంతా ఒకే తీరుగా నిలబడి ఉండేవి. బ్యాలెన్స్ చక్రంలో ఒకవైపు వెంట్రుకవాసి బరువు ఎక్కువైనా, భూమి దానిని ఎప్పుడూ ఒకే దిక్కుకు లాగుతుంది కనుక వాచీ పట్టుబట్టినట్టు ముందుకో వెనక్కో పోతుంది. అందుకని బ్రెగే ఆ చక్రాన్ని, దానిని నడిపే సరంజామాను పంజరంలో పెట్టి గుండ్రంగా తిప్పాడు. అర నిమిషం ముందుకు లాగితే మరో అర నిమిషం వెనక్కి లాగుతుంది. ఆయన బతికినంత కాలంలో ఇలాంటివి నలభై కూడా అమ్మలేకపోయాడు, చేయడం అంత కష్టం.

చీఫ్ గారు నవ్వారు. "మా ఓడల్లో ఇంత గొడవ లేదమ్మా. క్రోనోమీటరును పెట్టెలో ఇత్తడి చట్రాల మీద వేలాడదీస్తారు. ఓడ ఎటు ఒరిగినా దాని మొహం ఆకాశానికే. నిలబెట్టడమే ఉండదు కాబట్టి మీ బరువు తగాదాయే రాదు." ఒకే రోగానికి రెండు మందులన్నమాట. ఓడవాళ్లు కదలకుండా పడుకోబెట్టారు, బ్రెగే ఆగకుండా తిప్పాడు.

క్రోనోమీటరు ఎంత మంచిదైనా రేవులో సరిచూసుకోవాలి కదా. 1840లో విశాఖ జమీందారు గోడే వెంకట జగ్గారావు గారు డాబా గార్డెన్స్‌లో సొంత ఖర్చుతో నక్షత్రాలను పరిశీలించే వేధశాల కట్టించి, డాల్ఫిన్స్ నోస్ కొండ మీద జెండా దించి ఊరికి సమయం చెప్పించేవారట. ఆ కొండ మా డాబా మీద నుంచి కనిపిస్తుంది. జెండా సంగతి చీఫ్ గారికి తెలియదు. నాకు తెలిసి ఆయనకు తెలియని ఓడరేవు కబురు ఒకటి దొరికిందని ఆ పూట కాస్త గర్వపడ్డాను.

జూన్ 8, ఆదివారం

విప్పాను. ఫ్యాను ఆపి, కిటికీలు మూసి, జూన్ నెల విశాఖలో. అమ్మ గుమ్మంలో నిలబడి "ఆవిరి పట్టించుకుంటున్నావా?" అని అడిగి వెళ్లిపోయింది. ఫ్యాను గాలికి ఎగిరిపోయే వస్తువులతో పని కదా, తప్పదు. నుదుటికి తువ్వాలు కట్టుకున్నాను, చెమట చుక్క పడితే ఆ పార్టు తుప్పుకు రాసిచ్చినట్టే.

మొదట మెయిన్ స్ప్రింగు, అంటే కీ ఇస్తే చుట్టుకుని వాచీని నడిపే స్ప్రింగు, బిగువు వదిలేయాలి. ఏ వాచీకైనా ఇది చేయాలి, దీనికి మాత్రం మరిచిపోతే క్షమాపణ లేదు. బిగువు ఉండగా పంజరం ఎత్తితే అడ్డు తొలగిన చక్రాలన్నీ గిర్రున తిరిగి, వెంట్రుకంత ఇరుసులు విరిగిపోతాయి. కీని వేళ్లతో పట్టుకుని, కొక్కెం పక్కకు తోసి, కొద్దికొద్దిగా జారనిచ్చాను. వేలి కింద ఆ స్ప్రింగు బుసకొడుతూ వదులవడం తెలుస్తూనే ఉంది.

ముళ్లు, డయల్ తీయడం మామూలే. తరువాత పంజరం మీద అడ్డంగా ఉన్న వంతెన, రెండు స్క్రూలు. కొన్ని టూర్బిలాన్లకు ఈ పై వంతెన ఉండదు. 1920లో జర్మనీలోని గ్లాషూట్టెలో ఆల్ఫ్రెడ్ హెల్విగ్ కింది నుంచి మాత్రమే పట్టి ఉంచే పద్ధతి కనిపెట్టాడు. చూడడానికి అది గాలిలో తేలుతున్నట్టు ఉంటుంది. నాకు మాత్రం వంతెన ఉన్నందుకే ధైర్యం.

వంతెన లేచిన తరువాత పంజరం ఏ ఆధారమూ లేకుండా నిలబడి ఉంది. చిమటాతో మూడు కాళ్లలో ఒకదానిని పట్టుకుని, ఊపిరి బిగబట్టి, నిట్టనిలువుగా ఎత్తాను. ఏ మాత్రం ఒరిగినా ఎస్కేప్ ఇరుసు పళ్లు కింది బిగుసుకున్న చక్రానికి గీసుకుంటాయి. లేచింది. మా ల్యాబు త్రాసులో తూచితే 0.48 గ్రాములు. బ్యాలెన్స్, హెయిర్ స్ప్రింగు, ఎస్కేప్ చక్రం, దాని పళ్లను ఒక్కొక్కటిగా ఆపి వదిలే ప్యాలెట్, ఇంత సంసారం అర గ్రాములో. కింద మిగిలిన చక్రానికి పళ్లు లెక్కపెడితే 84, ఎస్కేప్ ఇరుసుకు 7. పన్నెండు రెట్లు. పంజరం ఒక్క చుట్టు తిరిగేలోపు ఎస్కేప్ చక్రం పన్నెండు సార్లు తిరుగుతుంది. దానికి 15 పళ్లు, పంటికి రెండు టిక్కులు: 360. లెక్క కుదిరింది. ఇలా కుదిరినప్పుడు కలిగే సంతోషం ఎవరికైనా చెబుదామంటే ఇంట్లో వినేవాళ్లు ఉండరు.

జూన్ 15, ఆదివారం

కడిగాను. ఒక్క విషయం తప్ప రాయడానికేమీ లేదు. ప్యాలెట్‌లోని రెండు కెంపురాళ్లను అతికించేది లక్క. ఏటికొప్పాక బొమ్మల మీద మెరిసే అదే లక్క. ల్యాబులో చేతికందే ఆల్కహాలులో వేస్తే లక్క కరిగి రాళ్లు ఊడిపోతాయి. మిగతావన్నీ ఆల్కహాలులో, లక్కతో అతికిన రాళ్లున్న ప్యాలెట్, బ్యాలెన్స్ మాత్రం విడిగా వైట్ పెట్రోలులో. సీసాల మీద పెద్ద అక్షరాలతో రాసి అంటించాను, నా మతిమరుపు నాకు తెలుసు.

నూనె నిజంగానే ఎండి జిగురయింది. మెయిన్ స్ప్రింగు డబ్బాలో బెల్లం పాకంలా ఉంది.

జూన్ 22, ఆదివారం

తిరిగి బిగింపు, మొదటి సగం. చక్రాల వరుస పెట్టి, వంతెన మూసి, కీ ఒక్క మెట్టు తిప్పితే చివరి చక్రం వరకు కదలిక వచ్చింది. వేగంగా తిరిగే ఇరుసులకు మోబియస్ కంపెనీ వాచీ నూనె 9010, ప్యాలెట్ రాళ్లకు 9415. బ్యాలెన్స్ ఇరుసు ఆనే రాయి మీద నూనె చుక్క ఆ రాయి వెడల్పులో సగానికి కాస్త ఎక్కువగా ఉండాలి. మొదటి చుక్క ఎక్కువైంది. కడిగి మళ్లీ. రెండోది తక్కువైంది. కడిగి మళ్లీ. మూడోది లూప్ కింద నిండు చందమామలా కూర్చుంది.

జూన్ 26, గురువారం

బ్రెగే పేటెంటు తీసుకున్న తేదీ కదా, ఈ రాత్రి పంజరం బిగించి చూద్దామనుకున్నాను. ముహూర్తాల మీద నమ్మకం లేనివాళ్లు కూడా ఇలాంటి పనులు చేస్తారు. మూడు స్క్రూలలో రెండు పడ్డాయి. మూడోది చిమటా మొనల మధ్య నుంచి టిక్కుమని ఎగిరింది.

అది పడిన చప్పుడు కూడా వినిపించలేదు. ఇసుక రేణువంత స్క్రూ. ఇంకొకటి వేసేద్దామంటే కుదరదు, ఈ స్క్రూల బరువు పంజరం తూకంలో భాగం. వేరే బరువు పడితే పంజరమే ఒకవైపు ఒరుగుతుంది. ఏ దోషం పోగొట్టడానికి ఈ యంత్రం పుట్టిందో ఆ దోషాన్ని నా చేతులతో దానిలో పెట్టినట్టవుతుంది.

ఒంటిగంట వరకు మోకాళ్ల మీద వెతికాను. దొరకలేదు.

జూన్ 28, శనివారం

దొరికింది. వాక్యూమ్ క్లీనర్ గొట్టానికి పల్చటి మల్లు గుడ్డ కట్టి, గది మొత్తం అంగుళం అంగుళం లాగించాను. గుడ్డ మీద దుమ్ము, నా వెంట్రుకలు, అగరుబత్తి బూడిద, ఒక ఆవగింజ. ఆవగింజ పక్కన మెరుస్తూ స్క్రూ. లూప్‌లో చూస్తే ఆవగింజ బండరాయిలా ఉంది. అమ్మను పిలిచి చూపించాను. "ఆవాలు ఇక్కడికెలా వచ్చాయి?" అంది.

జూన్ 29, ఆదివారం

నడిచింది. పంజరం దింపి, వంతెన బిగించి, కీ నాలుగు మెట్లు తిప్పేలోపే బ్యాలెన్స్ తనంతట తనే ఊగడం మొదలుపెట్టింది. ఒక్కొక్క డిగ్రీ జరుగుతూ పంజరం కదిలింది. చేతులు వణికాయి, అబద్ధమెందుకు.

డయల్ పైకి ఊపు 284. నిలబెడితే 262. చీఫ్ గారికి కబురు పెడదామని ఫోను తీసి, టైమ్‌గ్రాఫర్ తెర చూసి, మళ్లీ కింద పెట్టాను.

మామూలుగా సగటు నిమిషానికి ఒకసారి తీసేలా పెడతాను. ఈసారి ఏదో కుతూహలం కొద్దీ నాలుగు సెకన్లకు తగ్గించాను. చుక్కల గీత తిన్నగా పోవడం లేదు. కెరటంలా లేస్తోంది, పడుతోంది. సెకన్ల ముల్లు 20 దగ్గర ఉన్నప్పుడు రోజుకు 13 సెకన్లు వెనక్కి, 50 దగ్గరికి వచ్చేసరికి 13 ముందుకు. ప్రతి నిమిషం అదే కెరటం. బ్యాలెన్స్‌లో ఒకచోట బరువు ఎక్కువగా ఉందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

నన్ను కలవరపెట్టింది అది కాదు. జూన్ 1న తీసిన రికార్డును కూడా ఇదే నాలుగు సెకన్ల సగటుతో వెనక్కి తిప్పి చూశాను. అప్పుడు మురికితో, ఎండిన నూనెతో ఉన్నప్పుడు ఇదే కెరటం రెండు సెకన్లు మాత్రమే. నేను శుభ్రం చేసిన తరువాత పదమూడయింది! బ్యాలెన్స్ ఎక్కడో వంచానా? స్క్రూ గుడ్డలోంచి తీసినప్పుడు ఏదైనా అంటుకుందా?

జూలై 2, బుధవారం

కాలేజీ నుంచి తిన్నగా పూర్ణా మార్కెట్‌కు. అక్కడ సందులో అద్దాల బల్ల పెట్టుకుని యాభై ఏళ్లుగా వాచీలు బాగుచేస్తున్న మాస్టారే నాకు చిమటా పట్టడం నేర్పింది. హెచ్ఎంటీల కాలం మనిషి, టూర్బిలాన్ ఎన్నడూ చేతిలోకి తీసుకోలేదు. కంటికి లూప్ పెట్టుకుని చాలాసేపు చూశారు. "పిట్టను పంజరంలో పెట్టి, పంజరాన్నే ఊపుతున్నారే" అన్నారు.

"బ్యాలెన్స్‌లో బరువున్న చోటు కనిపెట్టి కాస్త గీకేయమంటారా మాస్టారూ?" అని అడిగాను.

"గీకిన లోహం మళ్లీ పెరగదమ్మా. చెయ్యి పెట్టేముందు అది తప్పో కాదో తేల్చుకో. కడిగితే బరువు ఎక్కడినుంచి వస్తుంది? మారింది బరువు కాదు, ఇంకేదో. అదేమిటో చూడు."

ఆటోలో తిరిగి వస్తుంటే వెలిగింది. మారింది ఊపు. 215 నుంచి 262కి.

జూలై 5, 6

ఈ రెండు రోజులూ ఒకే ప్రయోగం.

లెక్క ఇది. చక్రంలో బరువైన చోటు, ఆగి ఉన్నప్పుడు కిందివైపున ఉందనుకుందాం. చిన్న ఊపులో అది లోలకంలా పనిచేస్తుంది, భూమి దానిని నడిమికి లాగి స్ప్రింగుకు సాయం చేస్తుంది, వాచీ ముందుకు పోతుంది. ఊపు పెద్దదైతే ఆ బరువు పైకెక్కి, శిఖరం దాటి అవతలికి వెళుతుంది. అక్కడ భూమి దానిని అవతలికే లాగుతుంది, అంటే స్ప్రింగుకు ఎదురు. ఈ సాయం, ఈ ఎదురు సరిగ్గా కొట్టుకుపోయే ఊపు ఒకటుంది: దాదాపు 220 డిగ్రీలు. అక్కడ తూకం ఎంత చెడినా కనిపించదు. అది దాటితే దోషం తిరగబడుతుంది.

అంటే జూన్ 1న వాచీ బాగుండలేదు. నీరసంగా 215 దగ్గర ఉండి తన తప్పును దాచుకుంది.

శనివారం ఉదయం ఆరింటికి పూర్తిగా కీ ఇచ్చి, నిలబెట్టి, ఇక ముట్టుకోకుండా గంటల తరబడి చూశాను. ఆరింటికి ఊపు 262, కెరటం 13. రాత్రి పదింటికి 240, కెరటం 8. మధ్యలో గంటసేపు కరెంటు పోయింది, టైమ్‌గ్రాఫర్ ఆగింది, వాచీకి దానితో పనిలేదు. ఆదివారం ఉదయం పదింటికి 221. తెర మీద గీత దారం పరిచినట్టు తిన్నగా ఉంది, కెరటమే లేదు. సాయంత్రం నాలుగింటికి ఊపు 198, కెరటం మళ్లీ లేచింది, 11. అయితే ఈసారి ముల్లు 20 దగ్గర ముందుకు, 50 దగ్గర వెనక్కి. తలకిందులు!

ఇరవై ఏళ్లుగా పిల్లల చేత లోలకం ప్రయోగం చేయిస్తున్నాను. ఒక్కసారి కూడా ఇలా కేక వేయలేదు.

బ్యాలెన్స్‌ను గీకడం లేదు. నిమిషం సగటులో చూస్తే నాలుగు నిలువు దిక్కులకూ వచ్చినవి ఇవి: కీ పైకి 2 సెకన్లు ముందుకు, ఎడమకు సున్నా, కిందికి 1, కుడికి 3. పదమూడు సెకన్ల దోషాన్ని లోపల పెట్టుకుని పైకి మూడు సెకన్ల తేడా మాత్రమే చూపిస్తోంది. పంజరం తప్పును దిద్దలేదు, నిమిషం నిండా సమంగా పంచిపెట్టింది. పడుకోబెట్టినప్పుడు మాత్రం దానికి చేసేదేమీ లేదు: డయల్ పైకి 12 ముందుకు, డయల్ కిందికి 10.

ఇంకో మాట కూడా రాసిపెట్టుకుంటున్నాను. ముంజేతి మీద వాచీ ఎలాగూ రోజంతా నానా దిక్కులూ తిరుగుతుంది. అక్కడ ఈ పంజరం చేసే పని చెయ్యే చేసేస్తుంది. ముంజేతికి ఇది నగ. నగ అని ఒప్పుకుంటే ఏ పేచీ లేదు. కోట్లు పెట్టి కొనేవాళ్లకు అమ్మేవాళ్లు ఈ ముక్క కాస్త మెల్లగా చెబుతారు.

జూలై 13, ఆదివారం

కీ కడ్డీ కొత్తది వేశాను, రబ్బరు వాషర్లు మార్చాను. వారం రోజులు చూసిన తరువాత ఇచ్చేశాను. బీచ్‌కు మాత్రం పెట్టుకోవద్దని చెబితే చీఫ్ గారు విననట్టు కిటికీ వైపు చూశారు.

రాత్రి తీసి ఎలా పెడతారని అడిగాను. బల్ల మీద, మొహం పైకి, క్రోనోమీటరులాగా అన్నారు. అలా అయితే తెల్లారేసరికి నాలుగు సెకన్లు ముందుకు పోతుంది, నిలబెట్టండి, ఏ వైపైనా ఫరవాలేదు అన్నాను. "ముప్పై ఏళ్లు పడుకోబెట్టినవాడిని, ఇప్పుడు నిలబెట్టమంటావా" అని గొణుక్కుంటూ దిగిపోయారు.

రాత్రి పదింటికి పాలగిన్నె ఇవ్వడానికి కిందికి వెళితే, ఆయన మంచం పక్క బల్ల మీద కళ్లజోడు డబ్బాకు ఆనించి వాచీ నిటారుగా నిలబడి ఉంది. పక్కన స్టీలు గ్లాసు అడ్డం పెట్టారు, ఫ్యాను గాలికి పడకుండా.